ఒక్క పేరుకే సరిపోయే ఖాళీ

పోయిన ఆగస్టులో మా అమ్మాయి జనరల్ నాలెడ్జ్ పరీక్షకు చదువుకుంటూ ఒకే ముక్క వల్లె వేస్తోంది. "1639లో మద్రాసు నగరాన్ని స్థాపించినది ఫ్రాన్సిస్ డే. 1639లో మద్రాసు నగరాన్ని..." దానికి తొమ్మిదేళ్ళు. పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు కాసేపు విని, "ఎవరే ఆయన?" అన్నారు.

"ఇంగ్లీషాయన నానమ్మా. మన ఊరు కట్టింది ఆయనే."

"అయితే తిరువల్లిక్కేణి గుడి కూడా ఆయనే కట్టాడా?"

పిల్ల నా వంక చూసింది. పుస్తకంలో అలాగే ఉంది మరి, నన్నేం చేయమంటారు అన్నట్టు.

పుస్తకాల్లో పక్షపాతం అనగానే మనకు తోచేవి చెడ్డ పుస్తకాలు. అబద్ధాలు రాసేవి, ద్వేషం నూరిపోసేవి. అలాంటివి కంటబడితే తీసి అటక మీద పడేయడం పెద్ద పనేం కాదు. చిక్కంతా ఇలాంటి వాక్యాలతోనే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఫ్రాన్సిస్ డే నిజంగా ఉన్నాడు. నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కడ వ్యాపారం సరిగ్గా సాగక దక్షిణాన ఇంకో చోటు వెతుక్కుంటూ వచ్చాడు. 1639లో ఇక్కడి ఇసుక తీరంలో ఒక ముక్క కంపెనీకి దక్కింది. ఇవన్నీ నిజాలే.

అయితే ఆ ముక్క ఇచ్చినవాళ్ళు ఎవరు? వందవాసి, పూందమల్లి వైపు ఏలుతున్న దామర్ల నాయకులు, తెలుగువాళ్ళు. ఊరికి తమ తండ్రి చెన్నప్ప పేరు పెట్టమన్నదీ వాళ్ళే, అలా చెన్నపట్నం. బేరసారాలప్పుడు రెండు వైపులా మాట కలిపినవాడు బేరి తిమ్మప్ప అనే దుబాసీ. మచిలీపట్నం నుంచి వచ్చి కోట కట్టడం మొదలుపెట్టించిన కంపెనీ పెద్ద ఆండ్రూ కోగన్. ఇక మా అత్తగారు అడిగిన గుడిలో పల్లవ రాజు దంతివర్మ కాలపు శాసనం ఉంది, వెయ్యేళ్ళ పైమాట. మైలాపూరు పక్కన శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్ళు డే కంటే వందేళ్ళకు ముందే దిగి ఉన్నారు. వలలు ఆరబెట్టుకునే పల్లెకారుల పేర్లయితే ఎవరూ రాసిపెట్టనే లేదు. ఇంతమంది ఉండగా "స్థాపించాడు" అనే క్రియకు కర్తగా ఒక్కడే మిగిలాడు.

పక్షపాతం అనే మాట పిల్లలకు బరువు. మా ఇంట్లో "మొగ్గు" అంటాం. కిరాణా కొట్టులో పాత తక్కెడ చూసినవాళ్ళకు తెలుసు. రాళ్ళు సరైనవే, పళ్ళాలు సరైనవే, ముల్లు మాత్రం కాస్త ఒకవైపుకు ఒరిగి ఉంటుంది. తూచేవాడు దొంగే అయి ఉండాలని లేదు. అతను నిలబడ్డ చోటు నుంచి అది నిటారుగానే కనిపిస్తూ ఉండొచ్చు. పుస్తకంతోనూ అంతే. ఒక వాక్యం నిజమా కాదా అనేది ఒక ప్రశ్న. ముల్లు ఎటు ఒరిగింది అనేది ఇంకో ప్రశ్న. బడిలో మొదటిది నేర్పుతారు. రెండోది ఎక్కువగా ఇంటి మీదే పడుతుంది.

ఆ సాయంత్రం మేం చేసిన పని చాలా చిన్నది. పెన్సిలుతో వాక్యంలోని పేరు చుట్టూ సున్నా చుట్టాం. ఇది జరగడానికి ఇంకా ఎవరెవరు ఉండి తీరాలి అని ఒక్కొక్కరినీ బయటికి లాగాం. స్థలం ఎవరిది? భాష ఎవరు కలిపారు? రాళ్ళు ఎవరు మోశారు? చివరికి పేజీ అంచు నిండిపోయింది. ఆ లెక్కలో మ్యాపు కూడా పుస్తకమే. కోట లోపల తెల్లవాళ్ళున్నది వైట్ టౌన్, బయట మనవాళ్ళున్నది బ్లాక్ టౌన్. 1911లో ఐదవ జార్జి పట్టాభిషేకం గుర్తుగా దాన్ని జార్జ్‌టౌన్ అన్నారు. మొదటి పేరు ఎవరు చూసి పెట్టిందో, రెండోది ఎవరిని మెప్పించడానికి పెట్టిందో తొమ్మిదేళ్ళ పిల్ల తనంతట తానే చెప్పగలిగింది.

వాడు, అతను, ఆయన

పుస్తకాల్లో మొగ్గు గురించి ఇంగ్లీషులో బోలెడు రాశారు. ఆ సలహాలు పట్టుకుని తెలుగు కథల దగ్గరికి వస్తే ఒక ముఖ్యమైన సంగతి చేజారిపోతుంది. ఇంగ్లీషులో రాజుకూ రైతుకూ దొంగకూ సర్వనామం ఒక్కటే. తెలుగులో అలా తప్పించుకోవడం కుదరదు. వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ. కథ చెప్పేవాళ్ళు నోరు తెరవగానే ఎవరిని పీట మీద, ఎవరిని నేల మీద కూర్చోబెట్టాలో తేల్చేసుకోవాలి. వచ్చాడా, వచ్చారా? వచ్చిందా, వచ్చారా?

పాత కథల సంపుటం ఏదైనా తీసి చూడండి. పండితుడు "ఆయన". చాకలి, కుమ్మరి, గొల్ల "వాడు". మంత్రి భార్య "ఆమె", మంత్రి ఇంట్లో అంట్లు తోమేది "అది". పిల్లికీ కుర్చీకీ కూడా ఆ మాటే. ఎవరినీ ఒక్క తిట్టు తిట్టనక్కర్లేదు. పేజీ తిప్పేసరికి ఎవరి స్థాయి ఏమిటో పిల్లల బుర్రలోకి ఎక్కిపోతుంది.

మాది పెరంబూరు. రైల్వే ఉద్యోగాల పుణ్యమా అని ఇక్కడ తెలుగు ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆరేడుగురు మా హాల్లో చేరతారు. ఇంట్లో తెలుగు, కింద ఆడుకునేటప్పుడు తమిళం, బడిలో ఇంగ్లీషు. ఒక వారం నేనో పాత కథలో అర పేజీ తీసుకుని మర్యాదలు తలకిందులు చేసి చదివాను. "రాజు వచ్చాడు. వాడు సింహాసనం మీద కూలబడ్డాడు. వాడి పెళ్ళాం కూడా వచ్చింది. ఇంతలో రైతుగారు విచ్చేశారు. ఆయన సతీమణి వెంటే ఉన్నారు."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఒకడైతే సోఫా మీంచి కిందికి జారాడు. నవ్వు తగ్గాక, అసలు నవ్వొచ్చింది ఎక్కడ అని అడిగాను. అందరిదీ ఒకటే జవాబు, "వాడి పెళ్ళాం" దగ్గర. మరి అసలు కథలో రైతును "వాడు" అనీ "వాడి పెళ్ళాం" అనీ ఇప్పుడే చదివాం కదా, అప్పుడెందుకు రాలేదు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సోఫా మీంచి జారిన వాడే, "అది మామూలే కదా ఆంటీ" అన్నాడు.

నేను చెప్పాలనుకున్నదంతా వాడు ఆ ఒక్క మాటలో చెప్పేశాడు. మొగ్గు ఎక్కడుందో పట్టుకోవాలంటే మామూలుగా తోచే చోటే వెతకాలి. వెతకడానికి తేలికైన దారి ఈ తారుమారే. రాణిని వేటకు పంపి రాజును మేడ మీద ఎదురుచూడమనండి. సేవకుడి చేత తీర్పు చెప్పించండి. ఎక్కడ నవ్వొస్తే, ఎక్కడ ఇబ్బందిగా ఉంటే అక్కడ వేలు పెట్టండి.

అనువాదాల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మన పిల్లలు ఒకే కథను రెండు మూడు భాషల్లో చదవగలరు. చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు ఇదొక వరం, మనం వాడుకోం కానీ. ఇంగ్లీషు కథలో ఒక ముసలావిడ ఉందనుకోండి. తెలుగులోకి వచ్చేసరికి ఆమె ముసలిది కావచ్చు, ముసలమ్మ కావచ్చు, అవ్వ కావచ్చు, పెద్దావిడ కావచ్చు. ఎంచుకున్నది అనువాదకులు. ఎందుకు ఎంచుకున్నారో అడగడం పిల్లల వంతు. 1947లో ఈ ఊళ్ళోనే పుట్టిన చందమామ, తమిళంలో అంబులిమామగా వచ్చేది. అవే కథలు, అవే బొమ్మలు. ఇప్పుడు ఇక్కడి తూలికా ప్రచురణలు ఒకే బొమ్మల పుస్తకాన్ని తమిళంలోనూ తెలుగులోనూ వేస్తున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క పాత్రకు ఏ మాట వాడారో చూడటం చాలు, ఓ పూట గడిచిపోతుంది.

ఆ ఆదివారం ముచ్చట అక్కడితో అయిపోలేదు. రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి, "అమ్మా, నువ్వు డాక్టర్ వచ్చారు అంటావు. మనింట్లో గిన్నెలు తోమే ఆవిడ మాత్రం వచ్చింది అంటావు. ఆవిడ నానమ్మ కంటే పెద్ద కదా?" అంది. పిల్లలకు పుస్తకాన్ని ప్రశ్నించడం నేర్పితే ఆ ప్రశ్న పుస్తకంతో ఆగదు. అప్పట్నుంచి నేనూ "వచ్చారు" అంటున్నాను. తొందరలో ఇప్పటికీ నోరు జారుతుంది, పిల్ల వెంటనే పట్టుకుంటుంది. పేపర్లో కూడా ఇప్పుడదే పని. మంత్రిగారు "ఆయన", పోలీసులు అప్పుడే పట్టుకున్న మనిషి కోర్టు మెట్లెక్కకముందే "అతడు". మా అమ్మాయి వాటి కింద గీతలు గీసి పెడుతుంది. మా ఆయన పేపరు మాత్రం చదవడానికి లేకుండా పోయింది.

పేర్ల సంగతీ ఇలాంటిదే. 2021లో తమిళనాడు పాఠ్యపుస్తకాల్లో పెద్దల పేర్ల చివర ఉండే కులం మాటలు తీసేశారు. తమిళ తాత అని పిలుచుకునే పండితుడు ఉ.వే. సామినాథయ్యర్ అక్కడ ఉ.వే. సామినాథర్ అయ్యారు. ఒకరు కులాన్ని గౌరవ చిహ్నంలా పిల్లల ముందు పెట్టడం ఎందుకన్నారు. ఇంకొకరు ఆయన బతికినన్నాళ్ళూ రాసుకున్న పేరు మార్చడానికి మనమెవరం అన్నారు. ఏడో తరగతి పిల్లల ముందు ఈ ప్రశ్న పెట్టి చూడండి. పెద్దవాళ్ళలా అరుచుకోరు. మా గుంపులో ఒకమ్మాయి, "రెండు పేర్లూ రాసి, ఎందుకు మార్చారో కింద ఒక లైను రాస్తే సరిపోదా?" అంది. నాకు సబబుగానే తోచింది.

చింతపిక్కలు

చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లలతో సర్వనామాల గోల పనిచేయదు. వాళ్ళకు లెక్కలు, బొమ్మలు. రెండు గిన్నెలు, దోసెడు చింతపిక్కలు. కథ చదువుతున్నప్పుడు మగవాళ్ళు మాట్లాడితే ఈ గిన్నెలో ఒక పిక్క, ఆడవాళ్ళు మాట్లాడితే ఆ గిన్నెలో ఒకటి. మేం నాలుగు కథలు చదివేసరికి ఒక గిన్నె దాదాపు నిండిపోయింది. రెండోదాంట్లో అడుగు కనిపిస్తూనే ఉంది. అందులో పడ్డ వాటిలో కూడా సగం "అన్నానికి రండి" లాంటివే.

వెంటనే ఒక అబ్బాయి, "ఓడ మీద వెళ్ళే కథ కదా ఆంటీ, అందులో ఆడవాళ్ళెందుకుంటారు?" అని అడ్డం తిరిగాడు. మంచి ప్రశ్నే. ఒక్క కథలో ఒక గిన్నె ఖాళీగా ఉంటే అది తప్పు కాదు. నాలుగింటికి నాలుగూ అలాగే ఉంటే ఆ నాలుగు ఎవరు ఏరారు అని అడగాలి. ఏరింది నేనే. నా చిన్నప్పుడు నాకు నచ్చినవి. పిక్కల లెక్కతో తీర్పు చెప్పేయకూడదు, మాట మొదలుపెట్టడానికి అదొక సాకు మాత్రమే.

మూస పాత్రలను పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పట్టేస్తారు. షావుకారంటే పిసినారి. సవతి తల్లంటే గయ్యాళి. పల్లెటూరివాడు అమాయకుడు, పట్నంవాడు టక్కరి. రాక్షసుడు నల్లన, రాకుమారుడు తెల్లన. "ఇంకో కథలో కూడా అంతే ఉంది కదా" అని వాళ్ళు అనగానే పని సగం అయినట్టే. పంచతంత్రంలో నక్క జిత్తులమారి అంటే అది జంతువు, సరే. మనుషుల్ని కూడా వృత్తిని బట్టి నక్కల్లా, గాడిదల్లా విడగొడుతుంటే ఆ వృత్తి వాళ్ళ పిల్లలు అదే పుస్తకం చదివినప్పుడు ఎలా ఉంటుంది?

ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. మా అమ్మాయిది చామనచాయ. మూడేళ్ళప్పుడు ఒక బొమ్మల పుస్తకంలో రాక్షసుడి చేతి మీద తన చేయి పెట్టి రెండు రంగులూ చూసుకుంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, పేజీ తిప్పేశాను. పిల్లలకు ఇవన్నీ పెద్దయ్యాక చెప్పొచ్చులే అనేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను. చూడటం వాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టేశారు. మనం మాట్లాడటమే ఆలస్యం.

సామెతల్ని కూడా వదలక్కర్లేదు. "ఏడ్చే మగవాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మరాదు" అనేది ఒక పాత సంపుటంలో కనిపించింది. మా గుంపులో త్వరగా కళ్ళనీళ్ళు పెట్టుకునే అబ్బాయి ఒకడున్నాడు. "అయితే నన్ను నమ్మరా?" అన్నాడు. దాని మీద నేను ఉపన్యాసం ఇవ్వలేదు. పెద్దగా నవ్వే మా అమ్మాయి, "నన్నూ నమ్మరు, నువ్వు నేనూ ఒక జట్టు" అంది.

మనవైపు ఒరిగిన ముల్లు

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక రకంగా తేలిక. ఇంగ్లీషువాడి మొగ్గు, రాజుల మొగ్గు, పాత రోజుల మొగ్గు పట్టుకోవడంలో మనకు నష్టమేమీ లేదు. అసలు పరీక్ష ముల్లు మనవైపు ఒరిగినప్పుడు. అది పిల్లలకు చూపించే ధైర్యం మనకుంటే తప్ప మిగతాదంతా ఎదుటివాడి తప్పులు ఎంచడమే అవుతుంది.

మదరాసు తెలుగువాళ్ళకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఇంకోటి లేదు. "మద్రాస్ మనదే" అన్న నినాదం మా మామగారు చిన్నప్పుడు విన్నారు. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడూ ఒకేలా సాగుతుంది. ఈ ఊరికి స్థలమిచ్చింది తెలుగు నాయకులు, పేరు తెలుగాయనది, ఇక్కడే 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు దీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం మనకు దక్కలేదు. వింటున్న పిల్లలకు ఇదొక అన్యాయపు కథ.

కింది ఫ్లాటులో తాతగారు తమిళులు. వాళ్ళింట్లో అదే కథకు నాయకుడు మ.పొ. శివజ్ఞానం. "తలైయై కొడుత్తేనుమ్ తలైనగరై కాప్పోమ్", అంటే తల ఇచ్చైనా తలనగరాన్ని (రాజధానిని) కాపాడుకుందాం అన్నది ఆయన నినాదం. ఆ కథలో మద్రాసు ఎవరూ ఎవరికీ ఇచ్చింది కాదు, పోకుండా నిలబెట్టుకున్నది. తిరుత్తణి కోసం పోరాడటం, 1960లో అది మద్రాసు రాష్ట్రంలో కలవడం అందులో చివరి ఘట్టం. మా ఇంటి కథలో తిరుత్తణి ప్రస్తావనే ఉండదు. వాళ్ళింటి కథలో పొట్టి శ్రీరాములు పేరు ఒక్కసారి వచ్చి పోతుంది.

ఇద్దరు తాతలూ అబద్ధం చెప్పరు. తేదీలు ఇద్దరివీ ఒకటే. ఒకాయన కథలో "పోయింది" అన్న మాట రెండో ఆయన కథలో "నిలిచింది" అవుతుంది. పిల్లల్ని రెండిళ్ళకూ పంపి, ఇద్దరికీ ఒకటే ప్రశ్న వేయించాం, "తాతా, ఎదుటివాళ్ళు ఏం భయపడి ఉంటారు?" కింది ఫ్లాటు తాతగారు కాసేపు ఆలోచించి, ఉన్న ఒక్క మహానగరం పోతే కొత్త రాష్ట్రం గుడారాల్లో మొదలవుతుందని వాళ్ళకు భయం ఉండి ఉంటుంది, అలాగే జరిగింది కూడా, కర్నూలులో గుడారాలే వేశారు అన్నారు. మా మామగారు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కాఫీ అడిగారు. రెండ్రోజుల తర్వాత వాకింగ్ నుంచి వచ్చి, "ఊరి చుట్టూ అంతా అరవ పల్లెలే కదా, మధ్యలో ఊరొక్కటీ మనకిస్తే వాళ్ళు ఎలా ఊరుకుంటారు" అన్నారు. నాకు ఆ రెండ్రోజులు నచ్చాయి.

ఆ మాటలో "అరవ" అన్నారు చూశారా. బడిలో మన పిల్లల్ని "గొల్టీ" అని వెక్కిరిస్తే మనకు చురుక్కుమంటుంది. మన సినిమాల్లో, జోకుల్లో తమిళుడు అనగానే ఒక యాస, ఒక సాంబారు బకెట్టు. రెండు పక్కలా దెబ్బ తినే చోట ఉన్న పిల్లలకు ఇది త్వరగా అర్థమవుతుంది. అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు 1990లో పిల్లల పుస్తకాల గురించి ఒక మాట అన్నారు, పుస్తకం కొన్నిసార్లు కిటికీ, కొన్నిసార్లు అద్దం అని. వేరేవాళ్ళ బతుకు చూడటానికి కిటికీ, తమ బతుకు తాము చూసుకోవడానికి అద్దం. చెన్నైలో తెలుగు పిల్లలకు అద్దం దొరకడం కష్టం. తమిళ పుస్తకంలో వీళ్ళు పొరుగువాళ్ళు, తెలుగు పుస్తకంలో వీళ్ళు లేనే లేరు. ఇంట్లో "నానమ్మా" అనీ లిఫ్టులో "పాట్టీ" అనీ పిలిచే పిల్ల ఏ కథలోనూ నాకు ఇంతవరకూ కనబడలేదు. పుస్తకంలో లేకపోవడం కూడా ఒక రకం మొగ్గే.

పెద్ద పిల్లలకు, అంటే పన్నెండు దాటినవాళ్ళకు, ఇంకో అలవాటు కావాలి. శామ్ వైన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది మంది చరిత్రకారులకూ ఎనిమిది మంది హైస్కూలు విద్యార్థులకూ ఒకే పాత పత్రాలు ఇచ్చి, చదువుతూ పైకి ఆలోచించమన్నారు. విద్యార్థులు మొదటి పంక్తితో మొదలుపెట్టి చివరిదాకా చదివేవారు. చరిత్రకారులు ముందు కిందికి చూసేవారు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం అని. ఆ తర్వాతే చదవడం. మనింట్లో ఎక్కణ్ణుంచో కొరియర్ వస్తే ముందు ఫ్రమ్ అడ్రస్ చూసినట్టు. ఏ పుస్తకానికైనా అట్ట వెనకా, మొదటి రెండు పేజీలూ చదవకుండా కథలోకి వెళ్ళకూడదని మా గుంపులో రూలు. మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు వాట్సాప్ ఫార్వర్డ్ చూసినా "ఇది ఎవరు రాశారు?" అంటున్నారు. ఎక్కువగా వాటిమీద పేరే ఉండదు.

వేలూరు కోటకు బడి పిల్లల్ని తీసుకెళ్తుంటారు కదా, వెళ్ళేముందు ఈ పని చేయించవచ్చు. 1806 జూలై 10న అక్కడ కంపెనీ సిపాయిలు తెల్ల అధికారుల మీద తిరగబడ్డారు. కొత్త తలపాగా, బొట్టు పెట్టుకోవద్దన్న నియమం లాంటివి కారణాల్లో కొన్ని. దీన్నే ఒక పుస్తకం తిరుగుబాటు అంటుంది, ఒకటి విప్లవం అంటుంది, ఒకటి తొలి స్వాతంత్ర్య పోరాటం అంటుంది, కంపెనీ కాగితాలు ద్రోహం అంటాయి. ఏ మాట ఎవరి నోట్లో నప్పుతుందో పిల్లలు జత చేయాలి. కోట చూసి వచ్చాక మళ్ళీ చేయాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మా గుంపులో పదమూడేళ్ళ పిల్లాడొకడు రెండు నెలలు తిరిగేసరికి, "అన్నీ ప్రోపగాండాయే ఆంటీ, ఏదీ నమ్మక్కర్లేదు" అనడం మొదలుపెట్టాడు. చురుకైన పిల్లలకు ఈ జబ్బు త్వరగా పట్టుకుంటుంది. తప్పు నాదే. మొగ్గు పట్టడం నేర్పాను, తూకం వేయడం నేర్పలేదు. ఏదీ నమ్మని పిల్లవాణ్ణి మోసం చేయడం అన్నీ నమ్మేవాణ్ణి మోసం చేసినంత తేలిక. అందుకని ఇప్పుడు ప్రతి ప్రశ్నతో పాటు ఇంకోటి జోడిస్తున్నాం, "దీనికి సాక్ష్యం ఏమిటి, ఎంత గట్టిది?" గుడి గోడ మీద శాసనం, అప్పుడే రాసిన ఉత్తరం, ఎవరో విన్నామని చెప్పిన మాట, ఈ మూడింటి బరువూ ఒకటి కాదు. ఇద్దరు శత్రువులు ఒకే తేదీ చెబితే ఆ తేదీ గట్టిది.

మొగ్గున్న పుస్తకాలు తీసి పారేయాలా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. 2023లో ఇంగ్లీషు రచయిత రోల్డ్ డాల్ పిల్లల కథల్లో లావు, వికారం లాంటి మాటలు మార్చి వేస్తున్నారని ఇంగ్లండులో పెద్ద గొడవ జరిగింది. చివరికి ప్రచురణకర్తలు పాత మాటలతోనూ వేస్తామన్నారు. నా మట్టుకు నేను పాతదే ఇచ్చి పక్కన కూర్చుంటాను. పక్కన కూర్చునే తీరిక లేకపోతే ఇవ్వను. పక్క ఫ్లాటావిడ ఇది ఒప్పుకోరు, చిన్న పిల్లకు తన రంగునో కులాన్నో కించపరిచే పుస్తకం ఎందుకు, మంచివి కరువా అంటారు. ఆ మూడేళ్ళప్పటి పేజీ గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడదే రైటేమో అనిపిస్తుంది.

ఇక పద్ధతి గురించి. ప్రశ్నల పట్టిక గోడకు అంటించి ప్రతి కథకూ పదేసి ప్రశ్నలు వేస్తే పిల్లలు చదవడమే మానేస్తారు. ఒక కథకు ఒక్క ప్రశ్న, అది కూడా కథ పూర్తిగా ఆనందించాక. దీనికి మనకు బేతాళుడి కంటే మంచి గురువు లేడు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన బేతాళ కథలు పాతికే. చందమామ ఆ చట్రం తీసుకుని ఏళ్ళ తరబడి కొత్తవి చెబుతూనే పోయింది. కథంతా నోరారా చెప్పడం, చివర్లో తాను చెప్పిన కథలోనే లొసుగు పట్టుకుని అడగడం, ఇదే బేతాళుడి పని. మా ఇంట్లో వారానికి ఒకరు బేతాళుడు. దుప్పటి కప్పుకుని సోఫా చేతి మీంచి వేలాడాలి. ప్రశ్న కథలో లేని మనిషి గురించి అయితే ఎక్కువ పాయింట్లు. ఆవును నమ్మి వదిలేసిన పులి కథ చదివిన రోజు ఆరేళ్ళ బేతాళుడు, "మరి ఆ రాత్రి పులి ఏం తింది?" అని అడిగాడు. విక్రమార్కులందరం తెల్లమొహాలు వేశాం.

మా అమ్మాయి పరీక్ష మాట. ఇదంతా తెలుసుకుని ఏం రాసి మార్కు పోగొట్టుకుంటుందో అని మా ఆయనకు టెన్షన్. అందులో "ఖాళీలను పూరించండి" కింద ఆ ప్రశ్నే వచ్చిందట. గీత అంగుళం పొడుగు కూడా లేదు, ఒక్క పేరే పడుతుంది. ఫ్రాన్సిస్ డే అని రాసి మార్కు తెచ్చుకుంది. పేపర్లు తిరిగిచ్చిన రోజు మాత్రం, "మిస్, ఈ గీత ఇంకొంచెం పొడుగ్గా పెట్టకూడదా?" అని అడిగిందట. పెడితే ఇంకెవరి పేరు రాస్తావు అన్నారట టీచర్. ఒక్క పేరే అయితే తిమ్మప్పదా, నాయకులదా అని ఇది ఇంటికొచ్చి ఇంకా తేల్చుకోలేకుండా ఉంది. మా అత్తగారు మాత్రం తిరువల్లిక్కేణిని మర్చిపోవద్దంటున్నారు.